మనిషికో గ్లాసు

మా అత్తమ్మ లెక్కలో మనిషంటే ఒక గ్లాసు బియ్యం. ఎసట్లో ఎన్ని గ్లాసులు పడితే ఇంట్లో అంతమంది చల్లగా ఉన్నట్టు. మా ఆయన, నేను, మా పాప, ఆమె, మొత్తం నలుగురం కాబట్టి పూటకు నాలుగు గ్లాసులు. సొట్టలు పడ్డ పాత స్టీలు గ్లాసు అది. బియ్యం డబ్బాలోనే ఉండేది, మంచినీళ్లు తాగడానికి కూడా బయటికి తీయనిచ్చేది కాదు. మా మామ పోయి, దినాలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయిన రోజు ఆమె బియ్యం కొలుస్తూ చివరి గ్లాసు దగ్గర ఆగిపోయింది. ఆ గ్లాసు పొయ్యలేక, డబ్బా మూత పెట్టలేక చాలాసేపు అట్లాగే కూర్చుంది. తర్వాత గట్టిగా ఏడ్చింది. పాడె లేచినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో నేను చూసింది అది.

ఆమె మీద జాలితో ఇది మొదలుపెడుతున్నానని అనుకోవద్దు. జాలి ఉంది. కోపం అంతకంటే ఎక్కువ ఉంది. రెండూ ఒకే కడుపులో ఎట్లా పట్టాయో నాకు తెలియదు. అన్నమంతా పట్టిన కడుపే కదా, అవీ పట్టి ఉంటాయి.

అప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్లం. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి, మా ఆయన ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. నేను ఇంటికి దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న తరగతులకు తెలుగు చెప్పేదాన్ని. ఒక ఏడాది కంపెనీ వాళ్లు అందరికీ రక్త పరీక్షలు చేయించారు. మా ఆయనకు షుగర్ ఉందని తేలింది. ఆ కాగితం తెచ్చిన రోజు ఆయన కాగితం చూడలేదు, మంచం మీద కూర్చుని తన పాదాలు చూసుకున్నాడు. ఎందుకంటే ఊళ్లో ఉన్న వాళ్లన్నకు ఆ జబ్బుతోనే మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. రోజంతా మిషన్ ముందు నిలబడితేనే ఇల్లు గడిచే మనిషికి కాలు పోవడమంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ రోజు నుంచి మాకు ఒకటే భయం, ఆయన కాళ్లు.

దవాఖానాలో డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మాట నెమ్మది. రిపోర్టు చూసి ఆయన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?"

ఆయన నన్ను చూపించాడు. ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది. ఇక ఆ తర్వాత ఆయన వైపు చూడనే లేదు.

"ఒక్కసారే అన్నీ మార్చేస్తే నిలబడదమ్మా. విసుగొచ్చి మళ్లీ మొదటికే వస్తారు. చిన్నచిన్నగా మార్చండి. ముందు టీలో చక్కెర తగ్గించండి. అది అలవాటయ్యాక రాత్రిపూట అన్నం మానిపించి రొట్టె పెట్టండి. ఆ తర్వాత పగటి అన్నం తగ్గించి కూర పెంచండి. ఆయన కాళ్లు రోజూ చూస్తుండండి, చిన్న పుండు కూడా పడకూడదు. అంతా మీ చేతుల్లోనే ఉంది."

నా చేతుల్లోనే ఉందట. బయటికొచ్చాక మా ఆయన మొహం తేటపడింది. "విన్నవు గదా, ఇగ నువ్వే సూసుకోవాలె" అన్నాడు. అంటే జబ్బు ఆయనది, పథ్యం నాది.

అయినా చేశాను. ఇష్టంగానే చేశాను, అది కూడా చెప్పాలి. చాయ్‌లో చక్కెర ఆయనకు తెలియకుండా కొద్దికొద్దిగా తగ్గించాను. ఒక రోజు పక్కింటి వాళ్ల చాయ్ తాగి వచ్చి, "ఏందో, పానకం లెక్క ఉన్నది" అన్నాడు. ఆ రోజు నాకు పరీక్ష పాసైనంత సంతోషమైంది. తర్వాత రాత్రిపూట జొన్న రొట్టెలు మొదలుపెట్టాను. మొదలుపెట్టిన రోజే అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"రొట్టె తినలేకనే పట్నం వస్తిమి. దినాం బువ్వ తినొచ్చని వస్తిమి. ఇప్పుడు నా కొడుకుకు మల్ల రొట్టె పెడ్తవా?"

ఆమె బాధ నాకు తెలుసు. ఆమె చిన్నప్పుడు వరి బువ్వ పండుగకు, లేదా ఇంటికి పెద్ద చుట్టం వస్తే. మిగతా రోజులన్నీ జొన్న గట్క, జొన్న రొట్టె. ఆమెకు అన్నం అంటే గెలుపు, రొట్టె అంటే ఓడిపోయి వెనక్కి పోవడం. "మా బావ కాలు యాదికి తెచ్చుకో అత్తమ్మా" అన్నాను. పిండి నా చేతిలోంచి తీసుకుని ఆమే జల్లెడ పట్టింది.

జొన్న రొట్టె చేయడం చపాతీ ఒత్తినంత తేలిక కాదు. జొన్నలు ఏరి, గిర్నీకి తీసుకుపోయి పిండి పట్టించాలి. సలసల కాగే నీళ్లు పోసి వేడి మీదే పిండి పిసకాలి. చేత్తో చరిచి చరిచి గుండ్రంగా చేసి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్దాలి. చల్లారితే అట్ట ముక్కలాగా అవుతుంది కాబట్టి పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలోకి పోవాలి. అందుకని ఆయన పీట మీద కూర్చుని తినేవాడు, నేను పొయ్యి దగ్గర చరిచేదాన్ని. ఆయన తిని చెయ్యి కడిగేదాకా నాకు తిండి మాటే లేదు.

ఇంత వరకు బాగానే ఉంది. ఆయన రాత్రి అన్నం మానేశాడు కాబట్టి మరునాడు సాయంత్రం ఎసట్లో మూడు గ్లాసులే పోశాను. ఏ ఇంట్లో అయినా అదే చేస్తారు. అత్తమ్మ చూసింది.

"ఏందే, మూడే పోసినవ్?"

"ఆయన అన్నం తింటలేడు గదా అత్తమ్మా, రొట్టె తింటున్నడు."

"తినకుంటె తినకపోనీ. వాని గ్లాసు వానిదే. వాడు పాణంతోటి ఉండంగ వాని గ్లాసు తీసేస్తవా?"

నా చేతిలోంచి గ్లాసు గుంజుకుని, డబ్బాలో ముంచి, మరిగే నీళ్లలో ఆమే పోసింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఏమైనా అంటాడని ఆశ. "గ్లాసెడు బియ్యానికి గింత లొల్లా? అమ్మ చెప్పినట్టు పొయ్యరాదు" అన్నాడు. ఫ్యాక్టరీలో మిషన్ విప్పి మళ్లీ బిగించగలిగిన మనిషి. కానీ నేను గమనించాను, ఆ నాలుగో గ్లాసు నీళ్లలో పడ్డాక ఆయన భుజాలు కూడా కిందికి దిగాయి. కాలు భయం ఉన్నవాడికి గ్లాసు భయం మాత్రం ఉండదా?

అట్లా మా ఇంట్లో రాత్రిపూట నాలుగు గ్లాసుల అన్నం, దానికి తోడు ఆయన రొట్టెలు. కొన్ని నెలలకు పగలు కూడా ఆయన అన్నం సగమైంది. గ్లాసులు మాత్రం నాలుగే.

మిగిలిన అన్నం ఏం చేయాలి? మొదట్లో వెనక వీధిలో పాలాయన బర్రెలకు వేసి వచ్చాను. అది తెలిసి అత్తమ్మ ఆ పూట ముద్ద ముట్టలేదు. "నా కొడుకు గ్లాసు బర్రెకు పెడ్తివా?" అని తల కొట్టుకుంది. అడుక్కునేవాళ్లకు పెడదామంటే, వాళ్లకు పెట్టేది వేరు, ఇంటి మనిషి వాటా ఇంట్లోనే తీరాలి అంది. పారేయడం అసలే లేదు, కరువు చూసిన మనిషి ఆమె. పోనీ ఆమె తింటుందా అంటే, పళ్లు పోయి ఆమె తినేదే గుప్పెడు. పాప చిన్నది, అన్నం చూస్తే ఏడుపు మొహం పెట్టేది. ఇంకెవరున్నారు? నేనున్నాను. అందరి తర్వాత తినేదాన్ని కాబట్టి గిన్నె నా ముందుకే వచ్చేది. గిన్నె అడుగు కనబడే దాకా తినేదాన్ని. ఇంకా మిగిలితే మూత పెట్టి, పొద్దున ఆవాలు, మిరపకాయలు, పసుపు వేసి పోపు పెట్టి డబ్బాలో పెట్టుకుని స్కూలుకు తీసుకుపోయేదాన్ని. తోటి టీచర్లు డబ్బా మూత తియ్యగానే వాసన చూసి, "రోజూ పులిహోరే, మీ పని బాగున్నది టీచర్" అనేవాళ్లు. ఫ్రిజ్ కొన్నాక ఇంకా అన్యాయమైంది. అంతకు ముందు ఎండాకాలంలో అన్నం పులిసిపోయి, పారేయడానికి ఒక సాకన్నా దొరికేది.

ఒక రాత్రి ఆయన తిన్నాక ఇంకో పిండి ముద్ద మిగిలింది. నాకోసం ఒక రొట్టె చరుచుకున్నాను. వేడి వేడి రొట్టె, ఎల్లిగడ్డ కారం. చిన్నప్పుడు మా అమ్మ చేతి రొట్టె తిన్నదే, మళ్లీ ఆ రుచి ఎరగను.

"గిన్నెడు బువ్వ ఉండంగ నీకు రొట్టెందుకే?" అంది అత్తమ్మ. "నీకేమన్న షుగరొచ్చిందా?"

అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆమె వెక్కిరించలేదు, సరదాకే అంది. కానీ ఆ మాటతో ఇంట్లో ఒక చట్టం ఖాయమైపోయింది. రొట్టె మందు లాంటిది, అది రోగికే. నేను ఆ రొట్టెను ఆయన పళ్లెంలో వేసి అన్నం గిన్నె ముందుకు లాక్కున్నాను. ఆయన దాన్ని కూడా తిన్నాడు, బాగుందన్నాడు.

తర్వాత తర్వాత చుట్టాల పెళ్లిళ్లలో ఆయన ఒక జోకు మొదలుపెట్టాడు. "మా ఇంటామెకు అన్నమంటె పాణం. నేను మానేసిన, ఆమెతోటి అయితలేదు" అనేవాడు. అందరూ నా నడుము వైపు చూసి నవ్వేవాళ్లు. నిజమే, నేను లావయ్యాను. జాకెట్ల కుట్లు విప్పుకుంటూ పోయాను, విప్పడానికి కుట్లు లేకుండా పోయాయి. ఆయన ప్యాంట్లు మాత్రం వదులయ్యాయి. ఆయన ఒంట్లోంచి తీసిందంతా తెచ్చి నా ఒంట్లో పోసినట్టు ఉండేది.

ఆయనకు మంచి జరిగింది, కాదనను. పరీక్ష చేయించిన ప్రతిసారీ డాక్టరమ్మ మెచ్చుకునేది, మాత్రలు కూడా తగ్గించింది. మేం నాచారం నుంచి ఉప్పల్ అవతలికి, మేడిపల్లి పోయే దారిలో ఒక కాలనీకి మారాం. అక్కడ పార్కు ఉంది, పార్కులో పొద్దున నడిచేవాళ్ల గుంపు ఉంది. ఆ గుంపులో మా ఆయన పెద్దమనిషి అయిపోయాడు. షుగర్ వచ్చిన ప్రతివాడూ ఆయన్ను అడిగేవాడే. "పెద్దగ ఏం లేదన్నా, చిన్న చిన్న మార్పులే. ఒక్కొక్కటి జేసుకుంట పోవాలె" అని చెప్పేవాడు. డాక్టరమ్మ నాకు చెప్పిన మాటలు, నేను ఇంట్లో చెప్పిన మాటలు, ఆయన నోటి నుంచి ఊరంతా తిరిగాయి. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అట్లా. కొందరిని ఇంటికి కూడా తీసుకొచ్చేవాడు. వాళ్లు పీటల మీద కూర్చుని, "చెల్లె, పిండి గింత మెత్తగ ఎట్ల పిసుకుతవ్?" అని అడుగుతూ రొట్టెలు తినేవాళ్లు. అందరికీ చేసిపెట్టేదాన్ని. అన్నం గిన్నె మూత కింద నాకోసం ఎదురుచూస్తూ ఉండేది.

అవి రాష్ట్రం కోసం కొట్లాడుతున్న రోజులు. బందులు, రాస్తారోకోలు, స్కూళ్లకు సెలవులు. ఉప్పల్‌లో రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. రాష్ట్రం నాకూ కావాలి, నేనూ పోయాను, గొంతు పోయేలా అరిచాను. ఆడవాళ్లమంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం వండాం. అందరూ బంతిలో కూర్చున్నాక మా ఆయన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి రొట్టెలు పైకెత్తి చూపించాడు. "గిది మన తిండి. మన తిండిని మనమే మరిచినం, గందుకే రోగాలొచ్చినయ్" అన్నాడు. చప్పట్లు. ఎవరో ఆయన్ను లేపి నిలబెట్టారు కూడా. నిన్నటిదాకా పేదరికమైన రొట్టె ఆ రోజుతో ఆత్మగౌరవమైంది. ఎవరైనా ఇంటికొస్తే రొట్టెల బుట్ట మీద గుడ్డ కప్పి దాచే మా అత్తమ్మ, ఆ తర్వాత వాడకట్టంతా తిరిగి "మేం పుట్టినకాడి సంది గిదే తిన్నం" అని చెప్పుకుంది. ఆ రొట్టెలు తెల్లారకముందే లేచి చరిచింది ఎవరో రోడ్డు మీద ఎవరూ అడగలేదు. నేను ఆ రోజు కూడా ఆడవాళ్లతో కలిసి చివర్న కూర్చుని గిన్నెల అడుగున మిగిలిన మాడు అన్నం తిన్నాను.

పాపకు ఘట్‌కేసర్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. బస్సులకు భరోసా లేని రోజులు కాబట్టి హాస్టల్లో వేశాం. ఇంట్లో ముగ్గురం మిగిలాం, అందులో ఒకరు అన్నమే సగం మానేసిన మనిషి. అయినా నాలుగు గ్లాసులే. "పోరి ఏమన్న అత్తగారింటికి పోయిందా? సదువుకు పోయింది. దాని గ్లాసు ఉండాలె" అంది అత్తమ్మ. ఈసారి నేను నోరెత్తలేదు. నా బిడ్డ గ్లాసు కదా. ఒక రోజు అత్తమ్మకు జ్వరమైతే నేనే బియ్యం కొలిచాను. మూడో గ్లాసు తర్వాత ఆపుదామనుకున్నాను, బిడ్డ సెలవులకు బస్సులో వస్తూ పోతూ ఉంటుందని గుర్తొచ్చింది. చెయ్యి దానంతటదే నాలుగోది ముంచింది. పిల్లలకు పాఠం చెప్పే టీచర్ని, మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించినదాన్ని. చదువు వంటింటి గుమ్మం దాకానే వచ్చి ఆగింది.

అప్పటికే నాకు దాహం మొదలైంది. రెండో పీరియడ్ కాకముందే నీళ్ల సీసా ఖాళీ అయ్యేది. సాయంత్రానికి అరికాళ్లు మిరపకాయ రాసినట్టు మండేవి. వయసు అంది ఒక టీచరు, నిలబడి చెప్తాం కదా అంది ఇంకో టీచరు. నేనూ అవునన్నాను. ప్రతి సాయంత్రం నేను మా ఆయన పాదాల కింద చిన్న అద్దం పట్టి, వేళ్ల సందులు విడదీసి, ఎక్కడైనా గీత పడిందేమోనని చూసేదాన్ని. కొబ్బరినూనె రాసేదాన్ని. ఆయన టీవీ చూస్తూ కాలు చాపేవాడు. అద్దం కడిగి పెట్టేసి నా మండే కాళ్లతోనే పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. నా కాళ్లు కూడా ఒకసారి చూసుకోవచ్చని నాకు తట్టలేదు, ఇంకెవరికి తడుతుంది?

రాష్ట్రం వచ్చింది. కాలనీ అంతా మిఠాయిలు, టపాసులు, గులాల్. ఆ సంబరాలు అయ్యాక ఒక ఆదివారం కాలనీ సంఘం వాళ్లు కమ్యూనిటీ హాల్లో ఉచిత షుగర్ పరీక్షలు పెట్టారు. మా ఆయన్ను మాట్లాడమన్నారు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. హాల్లో ఒక పక్క వేదిక, ఇంకో పక్క పరీక్షల బల్ల. బల్ల దగ్గర ఎవరూ లేరు, అందరూ ఆయన మాటే వింటున్నారు. పరీక్ష చేసే పిల్ల ఊరికే కూర్చుందే అని జాలిపడి నేను వేలు ఇచ్చాను.

ఆ పిల్ల మిషన్ చూసింది. నా మొహం చూసింది.

"ఇంకో వేలియ్యున్రి మేడం."

ఇచ్చాను.

"మందులు ఎప్పటి సంది వాడుతున్రు?"

"ఏం మందులు?"

"షుగర్ మందులు."

"నాకు షుగర్ లేదమ్మా."

"ఉన్నది మేడం. మస్తున్నది. ఎన్నడో వచ్చినట్టున్నది, మీరు సూసుకోలే." నా చూపుడు వేలి మీద నల్లబడ్డ గాయం తిప్పి చూసింది. "గిది ఎప్పటిది?"

"పెనం తాకింది. ఉగాదప్పుడు."

అటు మైకులో మా ఆయన గొంతు. "మనసు గట్టిగుంటె చాలు. నోరు కట్టుకోవాలె. నేను ఒక్క దినం గూడ తప్పలే." చప్పట్లు మోగాయి, శాలువా కప్పుతున్నారు. ఆ పిల్ల నా మొహంలో రంగు పోవడం చూసి ధైర్యం చెప్పబోయింది.

"ఫికర్ జెయ్యకున్రి మేడం. అగో, గా సార్‌కు గూడ ఉండెనట, తిండి మార్చుకొని మంచిగైండు. ఆయనను కాదు గని, వాళ్లింటామెను కలిసి మాట్లాడున్రి. వండేది ఆమెనే గదా, ఆమెకు అన్ని తెలుస్తయి."

"సరే" అన్నాను.

ఇంటికొచ్చాక ఆయన శాలువా మడత పెట్టి బీరువాలో పెడుతుంటే చెప్పాను. ఆయన వెనక్కి తిరగకుండానే, "గా మిషన్లు ఒక్కోసారి తప్పు సూపిస్తయి" అన్నాడు. రెండుసార్లు చూశారని చెప్పాను. అప్పుడు తిరిగాడు. ఆయన మొహంలో భయం వెతికాను. కాగితం తెచ్చిన రోజు తన పాదాల వైపు చూసుకున్న ఆ భయం కొంచెమైనా నాకోసం ఉంటుందేమోనని.

"కాలనీల ఎవ్వలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఇప్పుడే గంతమందిల మాట్లాడొచ్చిన. నా ఇంట్లనే గిట్లుంటె నా మాట ఎవ్వలింటరు?"

పక్క గదిలోంచి అత్తమ్మ వచ్చింది. విని, నా పక్కన కూర్చుని, నా వీపు నిమిరింది. "నేను మొదటి సంది సూస్తున్న. దీనికి బువ్వ మీద పాణం. గిన్నె ఊడ్సి తింటది. రాదా మరి?" అంది. నిమురుతూనే అంది. తిట్టినా బాగుండేది, ఆ చెయ్యిని నేను భరించలేకపోయాను. లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఆయన చొక్కా విప్పి చాప మీద కాళ్లు చాపుకున్నాడు. శుభ్రంగా, నున్నగా, ఎక్కడా గీత లేని పాదాలు. ఏళ్ల తరబడి నేను కాపాడిన పాదాలు. వాటిని చూస్తే నాకు అసూయ పుట్టింది. కట్టుకున్నవాడి కాళ్లను చూసి అసూయపడ్డ ఆడది ఇంకెవరైనా ఉందో లేదో నాకు తెలియదు.

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. ఆయనకు ఆ రోజు డ్యూటీ ఉంది. ఆమెకు జుట్టు నెరిసింది, ఆ మొదటిసారి తప్ప నేను ఆయన వెంట పోలేదు కాబట్టి నన్ను గుర్తుపట్టలేదు. రిపోర్టు చూసి, "ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?" అంది. "నేనే" అన్నాను. ఆమె చూపు నా పక్క కుర్చీ వైపు పోయింది. కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ తిప్పుకుని చెప్పడానికి ఆమెకు ఇంకో మనిషి దొరకలేదు. "అయితే మీకే చెప్పాలి" అని మొదలుపెట్టబోయింది. ఆమె చెప్పేలోగా నేనే చెప్పాను. ముందు టీలో చక్కెర, తర్వాత రాత్రి రొట్టె, తర్వాత పగటి అన్నం సగం, కూర ఎక్కువ, రోజూ పాదాలు చూసుకోవాలి. నా దగ్గర చదివే పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను.

ఆమె నవ్వింది. "అన్నీ తెలిసి ఎలా తెచ్చుకున్నారమ్మా?"

"అన్నం మిగులుతుందండీ" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మందులు రాసి, పాదాలు చూపించమంది. కుడికాలి చిటికెన వేలు పక్కన సూదితో గుచ్చింది. నాకు తెలియలేదు. మళ్లీ గుచ్చింది. "ఇది తెలుస్తోందా?" అంది. తెలుస్తోందని అబద్ధం చెప్పబోయి ఆగాను. ఈ వేలు జాగ్రత్త, చెప్పులు లేకుండా వాకిట్లోకి కూడా పోవద్దు అంది. మా బావ కాలు కూడా చిటికెన వేలితోనే మొదలైంది.

ఆ సాయంత్రం బియ్యం అత్తమ్మే కొలిచింది, ఎప్పటిలాగే. నేను అడ్డం చెప్పలేదు. అన్నం ఉడికింది, వార్చాను. ఆయన పీట మీద కూర్చున్నాడు. పెనం మీది నుంచి ఆయన రొట్టెలు ఆయన పళ్లెంలో వేశాను. అత్తమ్మకు గుప్పెడు అన్నం, పప్పు పెట్టాను. మామూలుగా అయితే అక్కడ పెనం దించాలి. దించలేదు. ఇంకో రెండు ముద్దలు చరిచి, కాల్చి, పళ్లెంలో వేసుకుని, పొయ్యి ఆర్పి, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. మా పెళ్లయ్యాక ఆయన తింటుంటే నేను కూర్చుని తినడం ఎప్పుడూ లేదు. అత్తమ్మ చెయ్యి నోటి దగ్గర ఆగింది.

రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. వేడిగా ఉంది. ఆయన నా పళ్లెం వైపు చూశాడు, తర్వాత మూత తీసి ఉన్న గిన్నె వైపు చూశాడు. గిన్నె నిండా తెల్లగా, పొగలు కక్కుతూ అన్నం.

"మరి గీ అన్నమంత ఎవ్వలు తింటరు?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి.